కొనసాగించమంటారా?

మా ఆఫీసులో ఎవరూ ఔను అనరు. అలాగని కాదు అని కూడా అనరు. ఔనంటే బాధ్యత, కాదంటే గొడవ. అందుకని ఆ రెండింటికీ మధ్య విశాలమైన స్థలం ఒకటి చూసుకుని తరతరాలుగా అక్కడే కాపురం ఉంటున్నాం. 'పరిశీలించవచ్చును', 'తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది', 'పాత కాగితాలు జతపరచి మళ్ళీ పెట్టండి' అనే మూడు మాటలతో ఉద్యోగంలో చేరి, ఆ మూడు మాటలతోనే సన్మానం చేయించుకుని శాలువాతో ఇంటికి వెళ్లిన మహానుభావులు మాకు చాలామంది ఉన్నారు. ఇంత సుఖంగా ఉన్న చోటికి, ఔనా కాదా అని మొహం మీదే అడిగే యంత్రాన్ని తెచ్చి పెట్టినవాళ్లను ఏమనాలో నాకిప్పటికీ తెలియదు.

మాది సముద్రపు పడవల అనుమతుల కార్యాలయం. వేట నిషేధం ఎత్తేశాక పడవ నీళ్లలోకి దిగాలంటే మేం అచ్చువేసి ఇచ్చే పత్రం ఉండాలి. అది లేకుండా దిగితే గస్తీవాళ్లు పడవను లాక్కొచ్చి ఒడ్డున కట్టేస్తారు. పత్రం తెలుగులోనే ఉండాలని నియమం. దాని కోసం పైవాళ్లు మాకొక కంప్యూటరిచ్చి దాన్ని నడపడానికి అందులో లినక్స్ వేయించారు. అది ఉచితంగా దొరుకుతుందట. కొనుగోలులో ఎవరికీ ఏమీ ముట్టలేదు గనక ఆఫీసులో దాని మీద ఎవరికీ ప్రత్యేకమైన అభిమానం కూడా లేదు.

నిషేధం ఎత్తేసే ముందు అందరి పత్రాలూ అచ్చయ్యాయి, ఒక్క మైలపల్లి నూకాలుది తప్ప. ఆమె వంతు వచ్చేసరికి యంత్రం తనంతట తాను ఏదో కొత్తది దించుకుంటూ ఉండగా కరెంటు పోయింది. మళ్ళీ వచ్చాక చూస్తే తెలుగు అక్షరాల చోట ఖాళీ పెట్టెలు అచ్చవుతున్నాయి. 'మైలపల్లి నూకాలు' అని ఉండాల్సిన చోట వరసగా పెట్టెలు. కింద మా ఆఫీసు పేరు కూడా పెట్టెలే. ఈ రెండో దానివల్ల ఎవరికీ నష్టం లేదు గానీ, మొదటిదానివల్ల నూకాలుకు ప్రాణసంకటమైంది.

నూకాలు పడవకు తనే యజమాని. మొదటి వారంలో పడేదే అసలు చేప. తరవాత ఎంత తిరిగినా డీజిలు ఖర్చు రావడమే గగనం. ఆ మాట ఆమె మా అందరికీ విడివిడిగా చెప్పింది. మేం అందరం సానుభూతితో విన్నాం. వినడానికి మాకు పూర్తి అధికారాలు ఉన్నాయి.

కంప్యూటర్లు చూసుకోవడానికి కాంట్రాక్టు మీద వచ్చే లావేటి ప్రమీల యంత్రం ముందు కూర్చుని కాసేపు టకటకలాడించింది.

"తెలుగు అచ్చువేసే ప్యాకేజీ సగం పాతది సగం కొత్తది అయిపోయింది సార్. దాన్ని తీసేసి మళ్ళీ శుభ్రంగా పెడితే సరిపోతుంది" అంది.

"ప్యాకేజీ అంటే?" మా సూపరింటెండెంటు అలజంగి ఫల్గుణరావు గారు కుర్చీలోంచే అడిగారు.

"ఒక పనికి కావలసిన సామానంతా కట్టిపెట్టిన మూట సార్."

"మూట తీసేస్తే మన సెట్టింగులు ఏమవుతాయి?"

"అవి ఉంటాయి సార్. ఆనవాలు లేకుండా తుడిచెయ్యమంటేనే పోతాయి, నేను అది చెయ్యట్లేదు. అయినా ఒక కాపీ తీసి పక్కన పెట్టాను. ఏమేం పోతాయో ముందు ఉత్తుత్తిగా చేసి చూసుకున్నాను కూడా. గది ఊడవడానికి మంచం బయటపెట్టి మళ్ళీ వేసుకున్నట్టే."

"బయటపెట్టిన మంచం లోపలికి రాకపోతే?"

ప్రమీలకు ఆ సందేహం ఎన్నడూ వచ్చినట్టు లేదు. పాపం, వాళ్లింట్లో మంచాలు మామూలుగానే లోపలికి వస్తున్నట్టున్నాయి.

ఆమె ఆదేశం కొట్టింది. తెర మీద ఒక జాబితా వచ్చింది. తీసేయబోయేవి ఇవీ, వాటితోపాటు పోయేవి ఇవీ, ఇక అవసరం లేనివి ఇవీ అని. అన్నిటికంటే అడుగున, 'కొనసాగించమంటారా?' అని ఒక ప్రశ్న. పక్కనే రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఔననడానికి వై అని ఒకటి, కాదనడానికి ఎన్ అని ఒకటి. ప్రమీల వేలు లేచింది. అంతకన్నా ముందు ఫల్గుణరావు గారు లేచారు. ఆయన అంత వేగంగా లేవడం నేను రిటైర్మెంటు భోజనాల దగ్గర తప్ప చూడలేదు.

"ఆగమ్మా. కొనసాగించమంటారా అని అది ఎవరిని అడుగుతోంది?"

"మనల్నే సార్."

"మనం అంటే ఏ హోదాలో? నువ్వు కాంట్రాక్టు మనిషివి. నేను సూపరింటెండెంటును, సిఫార్సు మాత్రమే చెయ్యగలను. యంత్రం అడిగింది కార్యాలయాన్ని. కార్యాలయం తరపున ఔననే అధికారం ఎవరికుందో తేలకుండా మీట నొక్కితే నీ కాంట్రాక్టు ఉండదు, నా పెన్షను ఉండదు."

"పోనీ రద్దు చేసేస్తాను సార్."

"రద్దు చేస్తే కాదన్నట్టు. దానికి మాత్రం అధికారం అక్కర్లేదా?"

ప్రమీల వేలు వెనక్కి తీసుకుంది. ఫల్గుణరావు గారు నన్ను పిలిచి కొత్త ఫైలు తెరవమన్నారు. నేను తెరిచాను. 'విషయము: కంప్యూటరు యంత్రము వేసిన ప్రశ్న, దానికి జవాబు చెప్పు అధికారము గురించి.' సంతృప్తికరంగా ఉందనిపించింది. ఇలాంటివి రాసేటప్పుడు నాకు చెయ్యి బాగా తిరుగుతుంది.

ఆ రోజు నుంచి ప్రశ్న తెర మీదే నిలబడి ఉంది. యంత్రం ఆగితే ప్రశ్న చెరిగిపోతుందని దానికి ప్రత్యేకంగా జనరేటరు ఏర్పాటు చేశారు. డైరెక్టరు గారి గదిలో ఫ్యాను ఆగినా సరే, ప్రశ్న ఆగకూడదు. ప్రమీల తెర మీదే పక్కన ఇంకో కిటికీ తెరిచి పని కానిద్దామని చూసింది. మొదటి పని తేలేదాకా రెండో పని ముట్టుకోనివ్వనని యంత్రం జవాబిచ్చింది.

"చూశారా" అన్నారు ఫల్గుణరావు గారు, మెచ్చుకోలుగా. "దానికి పద్ధతి తెలుసు."

మర్నాడు నూకాలు వచ్చింది. "ఏటి బాబూ, నా కాయితం?" అంది.

"యంత్రం ఒక ప్రశ్న అడిగిందమ్మా. దానికి జవాబు చెప్పాలి."

"సెప్పీండి మరి."

"చెప్పొచ్చు. ఎవరు చెప్పాలో తేలాలి."

ఆమె తెర వంక చూసింది, నా వంక చూసింది. "ఎవులు సెప్పారో దానికేటి తెలస్తాది బాబూ?" అంది.

నేను ఆమెను బల్ల మీద కూర్చోమన్నాను. జవాబు లేని ప్రశ్న అడిగినవాళ్లను బల్ల మీద కూర్చోబెట్టడం మా ఆఫీసు సంప్రదాయం.

ఫైలు డైరెక్టరు గంటి సత్యభాస్కరం గారి దగ్గరికి వెళ్లింది. ఆయన నెమ్మదస్తుడు. ఎవరినీ నొప్పించింది లేదు, ఎవరికీ పని చేసిపెట్టిందీ లేదు. ఆయన స్వయంగా దిగి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, తెర ముందు నిలబడి ప్రశ్నను పరిశీలించారు.

"ఇందులో వై పెద్దక్షరం, ఎన్ చిన్నక్షరం. గమనించారా?" అన్నారు.

ఎవరూ గమనించలేదు. గమనించినా ఆయన కంటే ముందు గమనించేవాళ్లం కాదు.

"యంత్రానికి హోదా తెలుసు. ఔననడం పెద్దవాళ్ల పని. కాదనడం చిన్నవాళ్లు కూడా చెయ్యొచ్చు. అదీ దీని భావం."

"సార్, అది కాదు సార్, పెద్దక్షరం ఎందుకంటే..." అని ప్రమీల మొదలుపెట్టింది.

"అడిగినప్పుడు చెప్పమ్మా" అన్నారు ఫల్గుణరావు గారు.

ఈ వ్యాఖ్యానం ప్రధాన కార్యాలయానికి వెళ్లి ఆమోదం పొంది సర్క్యులరుగా తిరిగి వచ్చింది. దాని ప్రకారం ఎన్ నొక్కే అధికారం అటెండరుతో సహా సిబ్బంది అందరికీ దఖలుపడింది. వై నొక్కే అధికారం డైరెక్టరు గారికి మాత్రమే. అంటే కాదనడానికి అందరమూ అర్హులం, ఔననడానికి ఒక్కరు. ఈ పద్ధతి అంతకు ముందు నుంచీ నడుస్తున్నదే. ఇప్పుడు కాగితం మీదికి వచ్చింది, అంతే.

ఇక నొక్కాల్సింది సత్యభాస్కరం గారు. మేమంతా చుట్టూ నిలబడ్డాం. నూకాలు బల్ల మీంచి లేచి మెడ సాచింది. ఆయన కళ్లజోడు సవరించుకుని కీబోర్డు మీద వేళ్లు పెట్టారు. సర్వీసు మొత్తంలో ఏ కాగితం మీదా ఔనని రాయని చెయ్యి అది. అలవాటు ఊరుకోదుగా. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఇంగ్లీషులో, 'దయచేసి చర్చించండి' అని కొట్టి ఎంటర్ నొక్కారు.

'రద్దు' అంది యంత్రం. ప్రశ్న మాయమైంది.

చర్చించమన్న డైరెక్టరు గారిని రద్దు చేసినవాళ్లు ఆఫీసు చరిత్రలో లేరు. ప్రమీల గబగబా ఆదేశం మళ్ళీ కొట్టింది. ప్రశ్న మళ్ళీ వచ్చి నిలబడింది.

"రిమైండరు పంపింది" అన్నారు ఫల్గుణరావు గారు, ఫైల్లో అదే రాయించారు.

డైరెక్టరు గారు తేరుకుని, "ముందు ఉత్తుత్తిగా చేసి చూశాను అన్నావు కదమ్మా. అదేమిటి?" అన్నారు.

"ఏదీ నిజంగా తీయదు సార్. తీస్తే ఏమవుతుందో వరసగా చూపిస్తుంది. అంతా పూర్తయినట్టే కనిపిస్తుంది, ఏమీ జరగదు."

ఆయన మొహం వికసించింది. "ఇంత మంచి సదుపాయం పెట్టుకుని మనం అసలుదాని జోలికి వెళ్లడం దేనికి? అదే కాగితం మీదికి ఎక్కించి పైకి పంపండి, పని పూర్తయిందని."

పంపాం. ప్రధాన కార్యాలయం నుంచి అభినందన వచ్చింది. నూకాలు చదవడం రాదంది గనక నేనే చదివి వినిపించాను.

"మంచిదే బాబూ" అంది. "మరైతే నా పడవ కూడా ఉత్తుత్తిగా ఎల్లొచ్చీసినట్టేనా?"

ఆ వేళ నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో సరిగ్గా తెలియలేదు. అందుకని అటెండరు మీద అరిచి టీ తెప్పించుకున్నాను.

ఇంతలో ఫైలు కాపీ ఒకటి ఉద్యోగుల సంఘం కార్యదర్శి కొయ్యాన అప్పలసూరి చేతిలో పడింది. అతను ఇలాంటివి పూర్తిగా చదవడు. ఒక చోట ఆగిపోతాడు. ఈసారి ఆగింది 'ఇక అవసరం లేనివి' అన్న జాబితా దగ్గర.

"అవసరం లేనివని తేల్చింది ఎవరు?" అని గేటు మీటింగులో అడిగాడు. "యంత్రం తేల్చింది. ఏ విచారణా లేదు, ఏ నోటీసూ లేదు. వాళ్లంతట వాళ్లు వచ్చి ఎన్నాళ్లుగానో లోపల ఓ మూల కూర్చున్నారు. ఎవరి జోలికీ పోలేదు. ఏ పనీ చెయ్యట్లేదన్న ఒక్క నెపం మీద ఇవాళ వాళ్లను తీసేస్తారా? రేపు ఈ జాబితాలో ఎవరుంటారు?"

అందరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆ ప్రశ్న మాకు సూటిగా తగిలింది. పనేమీ లేకుండా లోపల కూర్చున్నవాళ్లను యంత్రాలు గుర్తుపట్టడం మొదలుపెడితే ఆఫీసులో డైరెక్టరు గారి ఫ్యాను తప్ప మిగిలేది ఏదీ లేదు. ఆ సాయంత్రమే ప్యాకేజీలకు మద్దతుగా నల్ల బ్యాడ్జీలు పెట్టుకున్నాం. నేనూ పెట్టుకున్నాను. నాది చొక్కాకు బాగా నప్పిందని అకౌంట్సు సెక్షనులో అన్నారు.

సంఘాన్ని శాంతింపచేయడానికి కమిటీ వేశారు. కమిటీ యంత్రాన్ని సందర్శించి, అనాలోచితంగా ఎవరైనా ఔననే ప్రమాదం ఉందని గుర్తించి, వై మీట మీద అగ్గిపెట్టె లోపలి అర బోర్లించి, లక్క పోసి, ఆఫీసు ముద్ర వేయించింది. ఎన్ కూడా మూయాలా అన్నది చర్చకు వచ్చింది గానీ అది సిబ్బంది హక్కు అని అప్పలసూరి ఒప్పుకోలేదు.

"ఎంటర్ కూడా మూయించండి సార్, లేకపోతే..." అంది ప్రమీల.

"ఎంటర్ అక్షరమే కాదు" అన్నారు ఫల్గుణరావు గారు. "అది తపాలా బంట్రోతు లాంటిది. చేతికేదైనా ఇస్తే పట్టుకెళ్తుంది. ఇవ్వకపోతే ఊరికే ఉంటుంది. దానికి నిర్ణయాధికారం లేదు."

అదీ రికార్డయింది. ఫైలు అప్పటికి బాగా లావెక్కింది. అటెండరు దాన్ని చంకన పెట్టుకోవడం మానేసి, నిద్రపోయిన పిల్లాణ్ణి మోసినట్టు రెండు చేతులా ఎత్తుకుని తిప్పుతున్నాడు.

నిషేధం ఎత్తేశారు. పడవలన్నీ వెళ్లాయి. హార్బరు మా ఆఫీసు కిటికీలోంచి కనిపిస్తుంది. అన్నీ పోయాక ఇసకలో ఒక్క పడవే మిగిలింది, నీలిరంగుది. ఆ రోజు నేను కిటికీ మూసేసి పని చేసుకున్నాను.

నూకాలు రావడం మానలేదు. మొదట్లో ఆమెతోపాటు ఆమె పడవ మీద పనిచేసే కలాసీలు కూడా వచ్చి గేటు దగ్గర నిలబడేవారు. తరవాత ఒక్కొక్కరే తగ్గిపోయారు.

"ఏరే పడవలెక్కీసినారు బాబూ" అంది ఒకనాడు. "ఆలదేటి తప్పు, ఆలకీ పిల్లలున్నారు. సరంగు ఎర్రన్నొక్కడే ఉండిపోనాడు. పడవ నడిపీది ఆడే. ఆడుంటే మిగతోలని ఎలాగో పోగేసుకుంతాను. మజ్జేనం దాకా సూస్తాననీసినాడు. ఆడు కూడా ఎల్లిపోతే ఈ యేటికి నా పడవ కోళ్లగూడే."

ఏడవలేదు. చీర కొంగుతో మెడ తుడుచుకుని బల్ల చివర కూర్చుంది. గేటు అవతల ఎర్రన్న చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏ క్షణాన్నయినా వాటిని కాళ్లకేసుకుని వెళ్లిపోయేట్టున్నాడు.

సరిగ్గా ఆ పూటే డైరెక్టరు గారు యంత్రం దగ్గర తుది సమీక్ష పెట్టారు. ఫల్గుణరావు గారు నోటు చదివారు: "యంత్రము వేసిన ప్రశ్న తీవ్రమైనదనియు, తొందరపాటు తగదనియు భావించి, ఈ విషయమును వేట సీజను ముగిసిన పిమ్మట తిరిగి సమర్పించవలెనని సిఫార్సు చేయడమైనది."

"సమంజసం" అన్నారు సత్యభాస్కరం గారు, జేబులోంచి పెన్ను తీస్తూ.

"సారూ, ఒక్క మాట సార్" అన్నాను నేను. ఎందుకన్నానో తెలియదు. తరవాత చెప్పడానికి నా దగ్గర మాట కూడా లేదు. అందరూ నా వంక చూశారు. నేను లక్క డబ్బా మూత సరిచేశాను. ఇలాంటి ధైర్యం నాకు అంతకుమించి నిలవదు.

సంతకం పెట్టడానికి బల్ల మీద చోటు లేదు. ఒక పక్క టీ కప్పులు, ఒక పక్క లక్క డబ్బా, ముద్రలు. డైరెక్టరు గారు చుట్టూ చూసి, ఫైలును కీబోర్డు కుడి కొసన ఆనించి, చివరి పేజీ తిప్పి, పెన్ను గట్టిగా ఒత్తి సంతకం చేశారు. ఆయనది పొడుగాటి సంతకం. చివర రెండు గీతలు గీస్తారు. రెండో గీత దగ్గర, ఫైలు అడుగున ఏదో టక్కుమంది.

తెర కదిలింది. వరసలు వరసలుగా అక్షరాలు పైకి పాకాయి. అవసరమైనవీ, లేనివీ, ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోయాయి. చివరికి ప్రశ్న లేదు. ఖాళీ గీత ఒకటి మినుకు మినుకుమంటోంది.

"ఏమైంది?" అన్నారు డైరెక్టరు గారు.

"తీసేయడం అయిపోయింది సార్" అంది ప్రమీల.

"ఎవరు ఔనన్నారు?"

అందరం వై మీట వంక చూశాం. అగ్గిపెట్టె కదల్లేదు, లక్క చెదరలేదు.

"ఫైలు అంది సార్" అన్నాను.

"పెద్దక్షరం పెట్టేది అందుకే సార్" అంది ప్రమీల. ఈసారి ఎవరూ అడగకుండానే చెప్పేసింది. "ఏమీ రాయకుండా ఎంటర్ నొక్కితే పెద్దక్షరం ఉన్న జవాబే ఇచ్చినట్టు లెక్క. ఫైలు ఎంటర్ మీద కూర్చుంది."

సత్యభాస్కరం గారు కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నారు. ఔనని ఒక్కసారీ అనకుండా రిటైరవ్వబోతున్న మనిషి, వద్దని సంతకం పెడుతూ ఔననేశారు. నాకు ఆయన మీద జాలి కలగాలి. నవ్వు వచ్చింది.

ప్రమీల ఆగలేదు. ప్యాకేజీ మళ్ళీ పెట్టమని ఆదేశం కొట్టింది. యంత్రం ఇంకో జాబితా చూపించి, అలవాటు ప్రకారం, 'కొనసాగించమంటారా?' అంది.

"ఆగమ్మా" అన్నారు ఫల్గుణరావు గారు. "ఇది వేరే ప్రశ్న. అది తీసేయడం గురించి, ఇది పెట్టడం గురించి. కొత్త ఫైలు తెరవాలి. సర్క్యులరు కూడా..."

అప్పుడు నూకాలు లోపలికి వచ్చింది. సిబ్బందికి తప్ప ప్రవేశం లేదన్న బోర్డు కింద నుంచే వచ్చింది. ఎవరూ ఆపలేదు, ఆపే అధికారం ఎవరిదో ఎవరికీ తెలియక. బల్ల మీదున్న ఫైలును పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తింది.

"ఇందాకల ఔనన్నాడు కాదా ఈ బాబు" అంది. "ఇప్పుడూ ఈ బాబే అంతాడు. మీకు బయవైతే అటు తిరిగీండి."

డైరెక్టరు గారు నిజంగానే అటు తిరిగారు. నూకాలు ఫైలును కీబోర్డు కుడి కొసన పెట్టి, పైన అరచెయ్యి ఆనించింది.

టక్కుమంది.

కాసేపటికి ప్రింటరు గొణుక్కుంటూ పత్రాన్ని బయటికి తోసింది. 'మైలపల్లి నూకాలు' అని ఉంది. పెట్టెలు లేవు. గుడి, దీర్ఘం, ఒత్తు అన్నీ ఎక్కడివక్కడ కూర్చున్నాయి. ఆ పేరు అంత అందమైనదని నేను అంతకు ముందు అనుకోలేదు. ముద్ర వేసే ముందు డైరెక్టరు గారిని అడగాలి. ఆయన ఇంకా గోడవైపే ఉన్నారు. నేను అడగకుండా వేశాను. నూకాలు పత్రాన్ని రవికెలో దోపుకుని గేటు వైపు పరుగెత్తింది. ఎర్రన్న చెప్పులు వేసుకుంటున్నవాడల్లా వాటిని అక్కడే వదిలేసి ఆమె వెనక పరుగెత్తాడు. సాయంత్రం నేను కిటికీ తెరిచాను. ఇసకలో నీలిరంగు పడవ లేదు.

విచారణ జరిగింది. ఔనన్నది ఎవరన్న దానిపై అధికారి అందరినీ ప్రశ్నించి, ఏ ఉద్యోగీ అనలేదనీ, ఫైలే అన్నదనీ తేల్చారు. దాన్ని సస్పెండు చేయాలంటే ఆ ఉత్తర్వు ఆ ఫైల్లోనే పెట్టాలి గనక ఆ ప్రతిపాదన విరమించుకున్నారు. ఎవరికీ ఏ శిక్షా పడలేదు. అంతటి శుభవార్త మా ఆఫీసు ఎన్నడూ వినలేదు.

ఆ తరవాత మా ఆఫీసు చాలా చురుకైంది. యంత్రం ఏదడిగినా అటెండరు ఫైలును ఎత్తుకొచ్చి కీబోర్డు కుడి కొసన కూర్చోబెడతాడు. మేం అటు తిరుగుతాం. ఎవరూ ఔననరు, పని అయిపోతుంది. జిల్లాలో మాదే ఉత్తమ కార్యాలయమని ప్రశంసాపత్రం వస్తే దాన్ని కూడా ఆ ఫైల్లోనే కుట్టాం. బరువు పెరిగితే మంచిదేగా.

మొదటి వేట నుంచి తిరిగి వచ్చాక నూకాలు ఓ పూట ఆఫీసుకు వచ్చింది. చేతిలో తామరాకు పొట్లం, అందులో వంజరం చేప ముక్కలు. ముద్ర వేసింది నేను. ఆ సంగతి ఆమెకు తెలుసు. నేను లేచి రెండు చేతులూ చాచాను.

"నీకు కాదు బాబూ" అంది.

నన్ను దాటుకుని వెళ్లి, పొట్లాన్ని ఫైలు మీద పెట్టి, దండం పెట్టుకుని వెళ్లిపోయింది.